మర్యాద ఎవరికి చెల్లవలెను?
ఒమన్ దేశపు సబ్లాలో ఒక పాఠము

మన సంఘ సభలలోను, పెండ్లి పందిళ్లలోను, ఉగాది వేడుకలలోను నలుగురు పెద్దలు ఒకచోట కూర్చుండినప్పుడు తప్పక వినబడు మాట యొకటి కలదు. "ఈ కాలపు పిల్లలకు మర్యాద తెలియదు" అనునదే ఆ మాట. పెద్దలు వచ్చినప్పుడు లేవరు, చేతులు జోడింపరు, ఎదుట నిలిచి మాటలాడుచున్నను చేతిలోని ఫోనునుండి కన్ను త్రిప్పరు, పేరు చివర 'గారు' చేర్చరు అని ఆక్షేపణ. ఆక్షేపణలో సత్యము లేకపోలేదు. అయితే మర్యాద యని మనము దేనిని పిలుచుచున్నామో దానిలో సగమును మాత్రమే ఈ మాట పట్టుకొన్నది. చిన్నవారు పెద్దలకు చెల్లింపవలసిన మర్యాదను గూర్చి మనము తెగక మాటలాడుదుము. బలము గలవాడు బలము లేనివానికి, యజమాని సేవకునకు, ఇంటివాడు పరదేశికి చెల్లింపవలసిన మర్యాదను గూర్చి ఎవరును పెదవి కదపరు. ఈ కాలమున నిజముగా క్షీణించినది ఈ రెండవదియే యని చూపుట ఈ పాఠము ఉద్దేశము.

దీనికి దృష్టాంతముగా ఒమన్ దేశమును గైకొనుచున్నాము. తోటలలో పనిచేసిన మన పూర్వులకును ఒక అరబ్బు దేశమునకును ఏమి సంబంధమని చదువరులు అడుగవచ్చును. సంబంధము కలదు. అరేబియా ద్వీపకల్పమునకు తూర్పు కొనయందు, భారతదేశపు పడమటి తీరమునకు ఎదురుగా ఉన్న ఆ దేశమున అతిథి మర్యాదలు నేటికిని నియమముగా సాగుచున్నవి. ఆ దేశమునకే గోదావరి మండలములనుండి, కడపనుండి, కరీంనగరు, నిజామాబాదులనుండి తెలుగువారు కూలీలుగా, ఇంటి పనివారుగా పోవుచున్నారు. మన తాతముత్తాతల 'గిరిమిట్' వంటి ఒప్పందపు కాగితమే వారి చేతిలోను ఉన్నది. మర్యాద యొక్క ఉత్తమ రూపమును, అది లోపించినచో మనిషికి కలుగు దుర్గతిని ఒక్కచోటనే చూడగల దేశము గనుక ఒమన్ మనకు మంచి పాఠ్యపుస్తకము.

ముందుగా మాటల అర్థము చూతము. 'మర్యాద' సంస్కృత పదము. హద్దు, ఎల్ల, ఒడ్డు అని దాని మొదటి అర్థము. సముద్రము తన మర్యాదను దాటదని పురాణము చెప్పు పండితులు పలుకగా వినియుందుము. చెలియలికట్టను దాటి ఊరిమీదికి రాదని దాని భావము. 'గౌరవము' గురు శబ్దమునుండి పుట్టినది, గురువనగా బరువైనది. ఎదుటివాడు గాలికి ఎగిరిపోవు పొట్టు కాడు, వానికిని ఒక బరువున్నది అని గుర్తించుటయే గౌరవము. 'నమస్కారము'లో నున్నది వంగుట. ఈ మూడింటిలో మొదటిది మనకు మిక్కిలి ముఖ్యము. సముద్రమునకు హద్దు కావలెను గాని చెలమకు హద్దు ఎందులకు? బలము గలవాడు తన బలమునకు తానే గీసికొన్న గీత మర్యాద. బలము లేనివానికి గీతలను లోకమే గీసిపెట్టుచున్నది. వాడు వేరుగా గీసికొననక్కరలేదు.

ఇప్పుడు మన చరిత్రను ఒకసారి తలచుకొందము. విశాఖపట్టణము, గంజాము, గోదావరి మండలములలోని పల్లెలనుండి మన పూర్వులు ఓడలెక్కిరి. బర్మాలోను మారిషస్‌లోను తెలుగువారికి 'కోరంగివారు' అను పేరు వారు ఓడయెక్కిన రేవును బట్టి వచ్చినది. 1834లో మారిషస్‌లోను, 1860లో నాతాలులోను మొదలైన ఆ ఒప్పందపు కూలి పద్ధతిలో, ఓడ దిగిన ప్రతి మనిషికి ఒక సంఖ్య నిచ్చిరి. తల్లిదండ్రులు పెట్టిన పేరును గుమాస్తా తనకు వినబడినట్లు వ్రాసికొనెను. తప్పుగా వ్రాసినను అడుగువాడు లేడు. పేరు చెడినను సంఖ్య చెడలేదు. నేడు మారిషస్‌లో తన ముత్తాత ఊరు తెలిసికొనగోరు మనుమడు మోకాలోని మహాత్మాగాంధీ సంస్థకు పోయినచో, పాత రిజిస్టర్లలో దారి చూపునది పేరుకంటె ఆ సంఖ్యయే. ఇంటి పేరుతో, తండ్రి పేరుతో, వరుసతో పిలువబడు మనిషి అంకెగా మారుట మన జాతి అనుభవించిన మొదటి అమర్యాద. కొరడా దెబ్బ తరువాతి మాట.

అట్టి స్థితిలోను తోటల వరుసయిండ్లలో మనవారు ఒక పని చేసిరి. బంధువు లేనిచోట వరుస కలుపుకొనిరి. ప్రక్క గదిలోని వాడు 'బావ', ఎదుటి గదిలోని ముసలామె 'పెద్దమ్మ', మంచినీళ్ల కుళాయి దగ్గర పరిచయమైన స్త్రీ 'వదిన'. హిందీవారు ఒకే ఓడలో వచ్చినవారిని 'జహాజీ భాయి' అని పిలిచినట్లే ఇది. పగలంతయు మేస్త్రీ నోట 'ఏయ్' అని పిలిపించుకొన్నవానికి సాయంకాలము తన గుమ్మము ముందు 'మామా' అను పిలుపు వినబడినప్పుడు ప్రాణము లేచి వచ్చియుండును. వారికి మర్యాద అలంకారము కాదు. తాము ఇంకను మనుష్యులమేనని ఒకరికొకరు ఇచ్చుకొన్న సాక్ష్యము. ఇప్పటి పిల్లలు 'వదిన'కును 'పిన్ని'కిని 'ఆంటీ' యను ఒక్క మాటనే వాడుచున్నారని నొచ్చుకొను పెద్దలు ఈ సంగతిని కూడ వారికి చెప్పినచో బాగుండును. వరుసలు ఎందులకు పుట్టినవో తెలిసినవాడు వానిని అంత తేలికగా విడువడు.

1894లో నాతాలు దేశమునందు జరిగిన ఒక సంగతి ఈ పాఠమునకు మూలస్తంభము వంటిది. గాంధీగారు డర్బనులో న్యాయవాద వృత్తి ప్రారంభించి కొలది మాసములే అయినవి. బాలసుందరము అను తమిళ కూలీ ఆయన కచేరికి వచ్చెను. బట్టలు చిరిగియున్నవి, ముందరి పండ్లు రెండు విరిగియున్నవి, నోటినుండి రక్తము కారుచున్నది. యజమాని కొట్టిన దెబ్బల ఫలము. అతడు తన తలగుడ్డను విప్పి చేతిలో పట్టుకొని నిలిచియుండెను. ఐరోపావారి యెదుటికి పోవు భారతీయుడు తలపాగ తీయవలెనని అచట నిర్బంధము. గాంధీగారి యెదుటను అట్లే చేయవలెనని ఆ పేదవాడు భావించెను. గాంధీగారు సిగ్గుపడి, తలగుడ్డ చుట్టుకొనుమని చెప్పిరి. అతడు సంకోచించుచునే చుట్టుకొనెను. కాని అతని ముఖమున ఆనందము కనబడినదని గాంధీగారు తమ ఆత్మకథలో వ్రాసికొన్నారు. తరువాత వైద్యుని యొద్దకును, మేజిస్ట్రేటు యొద్దకును తీసికొనిపోయి, యజమానికి శిక్ష వేయించుటకంటె కూలీని వేరొక యజమానికి మార్పించుటే మేలని అట్లు చేయించిరి. ఆ వార్త కూలీలందరి చెవిన పడినది.

చదువరులు ఇచట ఒక్క సూక్ష్మమును గమనింపవలెను. తల వంచి, పాగ తీసి నిలిచిన బాలసుందరము కంటికి మిక్కిలి మర్యాదస్థుడుగా కనబడును. కాని ఆ వినయము అతనిది కాదు. అది పిండి తీసినది. నిజమైన మర్యాద ఆ గదిలో చూపినవాడు కుర్చీలో కూర్చున్న న్యాయవాది.

మన మాతృదేశమునందును ఇట్టిది లేకపోలేదు. నిజాము పాలనలోని తెలంగాణ పల్లెలలో దొర గడీ ముందు పేదవాడు చెప్పులు తొడిగికొని నడువరాదు; "నీ బాంచెన్, కాల్మొక్త" అని పలుకక నోరు తెరువరాదు. నేను నీ బానిసను, నీ కాళ్లు మొక్కుచున్నాను అని దాని అర్థము. 1946 మొదలు 1951 వరకు అచట సాగిన రైతాంగ పోరాటము భూమి కొరకే కాదు, ఆ మాట నోట రాకుండుట కొరకును. "ఆ రోజులలో చిన్నవారికి ఎంత అణకువ!" అని నిట్టూర్చు పెద్దలు ఆ అణకువలో ఎంత పాలు ప్రేమయో, ఎంత పాలు భయమో విడదీసి చెప్పవలెను. భయము తరిగినందుకు దుఃఖింప నక్కరలేదు. ప్రేమ తరిగినచో అది వేరు సంగతి.

ఇక ఒమన్‌కు పోదము. 1970 జూలై 23న సుల్తాను కాబూస్ గద్దెనెక్కు నాటికి ఆ దేశమంతటను ఖురాను పాఠశాలలు తప్ప ఆధునిక పాఠశాలలు మూడు మాత్రమే ఉండెనని ప్రసిద్ధి. మరి ఒమనీయులు తమ సభ్యతను ఎక్కడ నేర్చిరి? సబ్లాలో నేర్చిరి. సబ్లా యనగా ఊరివారికి, లేక ఒక వంశమువారికి ఉమ్మడిగా నుండు కూటశాల. మన పల్లెలలోని రచ్చబండ వంటిదనుకొనవచ్చును. అయితే దానికి నాలుగు గోడలు, పరచిన చాపలు లేక తివాచీలు, తలుపు ప్రక్కన చెప్పులు విడుచు చోటు కలవు. తగవులు తీర్చుట, పెండ్లి మాటలు, మృతుల కుటుంబమును పరామర్శించుట, బాటసారికి విశ్రాంతి, అన్నియు అచటనే. ఇతర అరబ్బు దేశములలో దీనినే మజ్లిసు అందురు. మజ్లిసును, అరబ్బు కాఫీ మర్యాదను ఒమన్, సౌదీ అరేబియా, ఎమిరేట్లు, ఖతర్ కలిసి యునెస్కో వారసత్వ పట్టికలో 2015లో చేర్పించినవి. పిల్లలు పెద్దల వెంట వచ్చి ప్రక్కన కూర్చుండి, వినుటను, సమయమెరిగి మాటలాడుటను, తనకు నచ్చని అభిప్రాయమును సహించుటను అచట నేర్చికొందురు.

సబ్లాలోనికి ఒకడు వచ్చినప్పుడు ఏమి జరుగునో చూడుడు. అతడు చెప్పులు విడిచి, "అస్సలాము అలైకుం" అని అందరికి శాంతి పలుకును. కూర్చున్నవారందరు లేతురు. వచ్చినవాడు కుడివైపునుండి మొదలుపెట్టి ఒక్కొక్కరి చేయి పట్టుకొని వరుసగా పోవును. మధ్యలో తనకు తెలియనివాడున్నను దాటిపోరాదు. ధనికుని చేయి పట్టుకొని ప్రక్కనున్న పేదవానిని విడుచుట మహాపరాధము. అతడు కూర్చున్న తరువాతనే తక్కినవారు కూర్చుందురు. మన సభలలో ముఖ్య అతిథికి పూలమాల వేయుదుము, మొదటి వరుసకు నమస్కరింతుము, వెనుక బల్లలమీదివారిని చేయి యూపి సరిపెట్టుదుము. పోల్చి చూచుకొనవలసినదే.

తరువాత ఖర్జూరములును కాఫీయును వచ్చును. కాఫీ పోయు యువకుడు కొమ్ముచెంబు వంటి 'దల్లా'ను ఎడమ చేతను, చెవిలేని చిన్న గిన్నెను కుడిచేతను పట్టుకొని నిలుచును. అందరిలో పెద్దవానికి లేక ముఖ్యునికి మొదట ఇచ్చును. గిన్నెలో నాలుగవ వంతు మాత్రమే పోయును. నిండ పోయుట మర్యాద కాదు, త్రాగి వెళ్లుమన్నట్లగును. అతిథి ఒక గిన్నెయైనను త్రాగవలెను, మూడు దాటరాదు. చాలుననుకొన్నప్పుడు నోట చెప్పనక్కరలేదు. ఖాళీ గిన్నెను అటునిటు మెల్లగా కదపి తిరిగి ఇచ్చును. ఎంత మితమైన భాష! మన విందులలో విస్తరి మీద రెండు చేతులు అడ్డుపెట్టి "చాలు, చాలు" అని మొరపెట్టుకొన్నను వడ్డించువాడు వినడు. అదియు ప్రేమయే. కాని గిన్నె కదపుటలో ఇద్దరికిని హద్దు కలదు. పుచ్చుకొనువాడు అత్యాశపడరాదు, ఇచ్చువాడు బలవంతపెట్టరాదు.

కాఫీ తరువాత కుశలప్రశ్నలు దీర్ఘముగా సాగును. ఆరోగ్యమెట్లున్నది, పిల్లలెట్లున్నారు, విశేషములేమి, వార్తలేమి అని ఒకరికొకరు అడుగుదురు. విశేషములేమియు లేవు, అంతయు క్షేమము అనుట మొదటి సమాధానము, నిజమునకు ఎంత పెద్ద వార్త కలిగియున్నను. వచ్చిన పని వెంటనే చెప్పుట మొరటుదనము. తొందరగల మన కాలమునకు ఇది కాలయాపనగా తోచును. ఎదుటివాడు ఒక పని కొరకు మాత్రమే ఉన్న పనిముట్టు కాడని చెప్పుటకు ఇంతకంటె చవుకైన ఉపాయము మరియొకటి ఈ రచయితకు కనబడలేదు.

ఒమన్ కొండపల్లెలలో 'ఫలజు' అను నీటి కాలువలు కలవు. భూగర్భమునుండి నీటిని తెచ్చు ఈ కాలువలలో ఐదింటిని యునెస్కో 2006లో ప్రపంచ వారసత్వముగా గుర్తించినది; మన పూర్వులు మారిషస్‌లో అడుగుపెట్టిన ఆప్రవాసీ ఘాట్ కూడ ఆ సంవత్సరమే ఆ పట్టికలో చేరినది. ఫలజు నీరు ఊరు చేరిన మొదటిచోట త్రాగునీరు ముంచుకొను రేవు ఉండును. అచట నీరు అందరిది. భూమి గలవాడు, లేనివాడు అను భేదము లేదు. దాని తరువాతనే తోటలకు వంతులు, లెక్కలు. ఆస్తి గలవాని నీటికి ముందు దాహము గలవాని హద్దు గీయబడియున్నది. మర్యాద యను పదమునకు మన నిఘంటువులు చెప్పు మొదటి అర్థము ఇట్లు రాళ్లతో కట్టబడియున్నది.

నార్వే దేశపు మానవశాస్త్ర పండితురాలు ఉన్ని వికాన్ 1974–76 ప్రాంతమున బాతినా తీరమందలి సొహార్ పట్టణములో నివసించి, అచటి స్త్రీల జీవనమును గూర్చి 1982లో గ్రంథము ప్రచురించినది. ఆమెను ఆశ్చర్యపరచినది ఆ ప్రజల సౌమ్యత. తప్పు చేసినదని ఊరంతటికి తెలిసిన స్త్రీని గూడ ఇరుగుపొరుగువారు గౌరవముగానే కూర్చుండబెట్టి కాఫీ ఇచ్చుట ఆమె చూచినది. ఎదుటివాని నడత బాగుచేయుట తమ పని కాదనియు, ఎవరితోనైనను తాము మంచిగా మెలగుటయే తమ పని అనియు వారి భావము. మర్యాద పొందువాని యోగ్యతను బట్టి ఉండదు, ఇచ్చువాని గౌరవమును బట్టి ఉండును. "వాడు మర్యాదకు తగినవాడా?" అని తూచి ఇచ్చుట మనకు అలవాటు. సొహార్ స్త్రీలకు ఆ త్రాసు లేదు.

'షేక్' అను మాటకు వృద్ధుడని అర్థము; తెగ పెద్దలకు ఇచ్చు గౌరవ నామమది. కచ్చి ప్రాంతమునుండి వచ్చి మస్కట్‌లో తరతరములుగా వర్తకము చేయుచున్న ఖిమ్జీ రామదాస్ సంస్థకు చెందిన కనక్సీ ఖిమ్జీగారు హిందువు. ఆయనకు ఒమన్ సుల్తాను ఆ బిరుదమిచ్చెను. 2021లో మరణించువరకు ఆయన షేక్ కనక్సీయే. పాత మస్కట్‌లోని మోతీశ్వర శివాలయము అన్యమతస్థుల నడుమ, సుల్తాను భవనమునకు చేరువలో తరతరములుగా పూజలందుకొనుచున్నది. ఇతరుల దేవుని యెడల చూపు మర్యాదకు ఇదొక గురుతు.

అచటను మర్యాద తరిగిపోవుచున్నదను విచారము లేకపోలేదు, వచ్చు దారి మాత్రము వేరు. మాండనా లింబర్ట్ అను అమెరికా పండితురాలు బహ్లా పట్టణమును గూర్చి 2010లో ప్రకటించిన గ్రంథములో ఒక వింత చెప్పినది. బహ్లా ముసలి స్త్రీలు ప్రతిదినము ఇరుగుపొరుగు ఇండ్లకు పోయి ఖర్జూరము తిని, కాఫీ త్రాగి వచ్చుట తమ ధర్మమనుకొందురు. చదువుకొన్న యువతులు కొందరు ఇది కాలము వ్యర్థము చేయుట కాదా, దైవచింతనకు వినియోగింపరాదా అని శంకించుచున్నారు. పెద్దల మర్యాదను పిల్లలు అలక్ష్యముతో గాక భక్తితో ప్రశ్నించుచున్నారన్నమాట. ఏ దేశమునందైనను మర్యాద తగ్గినదని తీర్పు చెప్పుటకు ముందు, దానిని విడుచుచున్నవాని మాట ఒకసారి వినవలెను.

ఇంతవరకు వెలుగును చూచితిమి. నీడను దాచినచో పాఠము అబద్ధమగును. ఇదే ఒమన్‌లో 1970 వరకు బానిసత్వము చట్టసమ్మతము. పందొమ్మిదవ శతాబ్దమున ఒమన్ సుల్తానులు జాంజిబారులో నడిపిన లవంగపు తోటలు ఆఫ్రికా బానిసల చెమటతో పండినవి. తోట యను మాట వినగానే మనకు చెరకు, తేయాకు, రబ్బరు తోచును. లవంగమును కూడ చేర్చుకొనవలెను. సబ్లాలో వృద్ధుని ముందు లేచి నిలిచిన చేతులే బజారులో మనిషిని కొనినవి. మర్యాదకు గీత గీసినవారు ఆ గీతకు ఆవల కొందరిని ఉంచిరి.

ఆ గీత ఇప్పుడు ఎక్కడనున్నదని అడిగినచో, ఇంటి పనివారి గది గుమ్మము దగ్గర ఉన్నదని చెప్పవలెను. గల్ఫ్ దేశములందలి 'కఫాలా' పద్ధతిలో పనివాని నివాసము యజమాని పూచీకి కట్టుబడియుండును. ఒమన్‌లో ఇంటి పనికి పోయిన విదేశ స్త్రీలు పడిన బాధలను గూర్చి హ్యూమన్ రైట్స్ వాచ్ 2016లో ఒక నివేదిక ప్రకటించినది. పాస్‌పోర్టు లాగికొనుట, జీతము బిగబట్టుట, విశ్రాంతి లేని పని, నిందావాక్యములు, దెబ్బలు, అన్నియు అందులో కలవు. ఒప్పందము ముగిసిన కార్మికుడు వేరొక పనికి చేరుటకు పాత యజమాని అనుమతిపత్రము కావలెనను నియమమును ఒమన్ 2021 జనవరినుండి తొలగించినది. అది మేలైన పని. కాని 2023లో వచ్చిన కార్మిక చట్టము ఇంటి పనివారిని తన పరిధికి వెలుపలనే ఉంచినది. పరుషవాక్యముతో ఒకని గౌరవమును భంగపరచుట ఒమన్ శిక్షాస్మృతిలో నేరమే. వంటయింటిలో అట్టి మాట పడిన స్త్రీ ఆ నేరమును ఎవరికి, ఏ భాషలో నివేదింపగలదు?

ఆ వంటయింటి యజమాని ఒమనీయుడే కానక్కరలేదు. భారతీయుడు కావచ్చును, తెలుగువాడును కావచ్చును. గోదావరి తీరపు పల్లెనుండి అప్పు తీర్చుటకై మస్కట్ చేరిన స్త్రీ, తెలుగింటిలో పనికి కుదిరినచో మాతృభాష వినబడును గదా యని సంతోషించును. మాతృభాషలో మొదట వినబడునది 'ఏయ్' అయినచో? అరబ్బీలో తిట్టిన అర్థము తెలియక పోవచ్చును. తెలుగులో తిట్టినది ప్రాణమునకు తగులును. అదే ఇంటివారు పై అధికారి వచ్చినప్పుడు 'అండి' లేక మాట ముగింపరు. గురువుగారి పాదములకు నమస్కరింతురు. పిల్లలచేత పద్యములు చెప్పింతురు. పైకి పోవు మర్యాద ఏమియు తరుగలేదు. క్రిందికి రావలసినది ఎండిపోయినది.

ఈ మాటలు మస్కట్ వారికి మాత్రమే యని మనము తప్పించుకొనరాదు. మారిషస్‌లో బంగ్లాదేశ్ కార్మికులు కర్మాగారములలోను కట్టడములలోను పనిచేయుచున్నారు. మలేషియా గృహములలో ఇండోనేసియా స్త్రీలు వంట చేయుచున్నారు, పిల్లలను పెంచుచున్నారు. వారి చేతిలోను ఒప్పందపు కాగితమే, సముద్రము దాటిన దుఃఖమే. సంఖ్యలతో పిలువబడినవారి మనుమలము మనము ఇప్పుడు జీతమిచ్చువారిలో ఉన్నాము. మన ఇంటిలో, మన దుకాణములో పనిచేయు ఆ మనిషి పూర్తి పేరు మన పిల్లలకు తెలియునా? భోజనము ఏ పళ్లెములో, ఎవరి తరువాత, ఎక్కడ కూర్చుండి తినునో ఎప్పుడైన గమనించితిమా? ఎదురు చెప్పలేనివానితో ఎట్లు మాటలాడుదుమో అదియే మన మర్యాద; తక్కినది లౌక్యము.

తెలుగు తరగతులు నడపు ఉపాధ్యాయులకు కొన్ని సూచనలు చేయవలసియున్నది. 'నువ్వు', 'మీరు' అను భేదమును వ్యాకరణముగా కాక వ్యవహారముగా బోధింపుడు. ఇంగ్లీషులో ఆ భేదము లేదు గనుక పిల్లలకు అది వింతగా తోచును. మారిషస్ పిల్లలకు తమ క్రియోలు భాషలోని 'తో', 'ఊ' అను రెండు మాటలను గుర్తు చేసినచో వెంటనే బోధపడును. మలేషియా పిల్లలకు 'పాచిక్', 'మాచిక్' అను పిలుపులు తెలియును. మన 'బాబాయి', 'పిన్ని'కి అవి దూరపు చుట్టములు. దక్షిణాఫ్రికాలో తెలుగు మాటలు మరచిన ఇండ్లలోను పెద్దవారిని వట్టి పేరుతో పిలువక 'అంకుల్' చేర్చి పిలుతురు, దానిని పరిహసింపకుడు. పాత్ర మారినను నీరు నిలిచియున్నది. తెలంగాణలోను కొన్ని పల్లెలలోను 'నువ్వు' అనుట ప్రేమకు గురుతనియు, అందులో అవమానము లేదనియు చెప్పుట మరువరాదు. మాట ఒక్కటియే చాలదు, గొంతును వినవలెను.

మరియొక పని చేసి చూడుడు. తరగతిని సబ్లాగా కూర్చుండబెట్టుడు. ఒక బాలుడు బయటినుండి వచ్చి, కుడివైపునుండి ఒక్కరినైన దాటక అందరికి నమస్కరింపవలెను. ఒక బాలిక మంచినీరు పోయవలెను; నీరు పుచ్చుకొన్న ప్రతివాడును ఆమె ముఖము చూచి మాట చెప్పవలెను. రెండవ వారము పాత్రలు మార్చుడు. అందరికంటె అల్లరివానిని నీరు పోయుటకు నియమించుడు. గిన్నె చేతికిచ్చినప్పుడు తన ముఖము చూడనివారెవరో అతడే చెప్పును, మీరు అడుగ నక్కరలేదు.

మూడవ వారమునకు ఇంటి పని ఇయ్యుడు. ప్రతి బాలుడును, బాలికయు తన ఇంటిలోనో, వీధిలోనో, తండ్రి పనిచేయు చోటనో కూలికి వచ్చిన పరదేశి నొకనిని పలుకరించి, కుశలమడిగి, పూర్తి పేరును, స్వగ్రామమును, ఇంటివద్ద ఎవరెవరున్నారో తెలిసికొని రావలెను. వరుస కలిపి పిలుచుటకు ఏ మాట తగునో వారినే అడుగవలెను. ఆ పేరును, ఊరి పేరును పలకమీద తెలుగు అక్షరములతో వ్రాయవలెను. బెంగాలీ పేరైనను, జావా పేరైనను మన అక్షరములలో ఒదుగును. పలుకుటలో తడబడినచో మరల ఆ మనిషి యొద్దకే పోయి, సరిగా పలుకుట నేర్చికొని రమ్మని పంపుడు.